వంక అవతలి బడి

విరోధి నామ సంవత్సరం. మృగశిర కార్తె వచ్చినా చినుకు రాలలేదు. బడులు తెరిచే వేళకు ఎర్రమిట్ట మీద గడ్డిపోచ లేదు. చుక్కమ్మ అనే మేకకు పాలు ఇంకిపోయాయి. దాని ఒక్కగానొక్క పిల్ల కాటుకకు డొక్కలు బయటపడి, నిలబడితే కాళ్లు వణికేవి.

మిట్ట మీద ఒక బడి ఉండేది. పరుపుబండే బడి, లింగయ్య అనే ముసలి ఎద్దే పంతులు. ఏ ఆకు విషమో, ఉచ్చు ఎక్కడ పన్నుతారో, గాలి ఏ మృగం వాసన మోసుకొస్తుందో, అదే చదువు. పొద్దున హాజరు పిలిస్తే ఒక్కో పిల్లా తన గొంతుతో అరిచేది. ఆ అరుపు చెవిన పడ్డాకే తల్లులు తల వంచి మేసేవి.

ఒకనాడు నక్క వచ్చింది. మెడలో తాడు, తాడుకు బిళ్ల, నోట కాగితం. బడుల పెత్తనం దానిదట.

"అక్కలారా! మీ బండబడిని వంక అవతలి పెద్దబడిలో కలిపేశాం. అక్కడ పొద్దున రాగిజావ, మధ్యాహ్నం భోజనం. మెడకు పట్టెడ ఉచితం. కళ్లకూ పళ్లకూ పరీక్ష. ఆడుకోను స్థలం. వంక దాటించను మనిషి."

"భోజనంలో ఏం పెడతారు?" అంది గురవమ్మ అనే గొర్రె.

"ఉలవలు. వారానికి మూడు రోజులు గుడ్డు."

"ఎవరి గుడ్డు?" అంది కోడి, రెక్కలు విదిల్చి.

అన్నీ నవ్వాయి. కోడి నవ్వలేదు.

లింగయ్య ముందుకొచ్చింది. "వంక దాటించేది ఎవరు అబ్బీ?"

"కాగితంలో ఉంది పంతులూ."

"చదువు."

"చదువుతూ కూర్చుంటే పొద్దుపోతుంది. ఆ రాతినీడ నేను గీసిన ఈ గీత దాటేలోగా డెక్క వేసినవాళ్ల పిల్లలకే భోజనం. తర్వాత నన్ను అడగొద్దు."

లింగయ్య కళ్లకు పొర కమ్మింది. లేకుంటే తనే చదివేది. వెళ్లి చుక్కమ్మకు అడ్డం నిలబడింది.

"తొందరపడకు తల్లీ. ఆ వంకలో తోడేలు కాపురం."

"నా పిల్ల కడుపులో ఏముందో చెప్పు తాతా. నీ చదువు మేసి బతుకుతుందా అది?"

ఎద్దు పక్కకు జరిగింది. చుక్కమ్మ నక్క తెచ్చిన మసిలో డెక్క ముంచి కాగితం మీద గట్టిగా అద్దింది. మిగతా తల్లులూ అద్దాయి.

మర్నాటి నుంచి నక్క పిల్లల్ని వంక గట్టుదాకా తోలుకుపోయేది. సాయంత్రం ఆ గట్టు మీదే అప్పజెప్పేది. పది రోజులకు కాటుక డొక్కలు పూడాయి. ఒళ్లు నునుపు తేలింది. చుక్కమ్మ దాని వీపు నాకుతూ అడిగింది.

"వంకలో మిమ్మల్ని ఎవరు తీసుకెళ్తారే?"

"మామ."

"ఏ మామ?"

"బూడిదరంగు మామ. రోజూ మా వీపులు తడిమి చూస్తాడు. 'ఇంకా ఎముకే తగులుతోంది, బాగా తినండి' అంటాడు. మంచోడమ్మా. మా గుడ్డు ఒక్కనాడూ అడగలేదు."

చుక్కమ్మకు నెమరు ఆగిపోయింది. తెల్లారాక గట్టు మీద నక్కను నిలేసింది.

"పిల్లలకు తోడేలును కాపలా పెడతావురా?"

"వంక దారి దానికంటే బాగా ఎవరికి తెలుసక్కా? ఇన్నాళ్లయింది, ఒక్క పిల్ల ఒంటి మీద గీత పడిందా? చూపించు."

గీత పడలేదు. ఆ మాట నిజమే.

"నమ్మకం లేకపోతే తీసుకుపో. పేరు కొట్టేస్తా. కొట్టేసిన పేరు మళ్లీ రాయను. ఆ మిట్ట మీద ఏం మేపుకుంటావో మేపుకో."

చుక్కమ్మ కాటుకను చూసింది. మెడ నిండుగా ఉంది. వెనక్కి తిరిగి మిట్టను చూసింది. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

"ఒక్క వాన పడనీ, మానిపిస్తాను" అనుకుంటూ పిల్లను వదిలి వచ్చింది.

సంగతి విని లింగయ్య కొమ్ములు విదిల్చింది. "గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!"

"మా జాతిని ఎందుకు లాగుతావు పంతులూ?" అని గురవమ్మ కస్సుమంది. "నమ్మింది మేక. మేకనే అను." తన పిల్లలు రెండూ వంక అవతలే ఉన్నాయని దానికి ఆ పూట గుర్తు రాలేదు.

పునర్వసు కార్తెలో వాన పడింది. ఆ సాయంత్రం గట్టు మీదికి పిల్లలు రాలేదు.

తల్లులు వంకలోకి దిగాయి. ఇసుకలో పట్టెడలు పడి ఉన్నాయి. చుక్కమ్మ ఒక్కొక్కటీ వాసన చూసి, ఒకదాని దగ్గర ఆగిపోయింది.

నక్క దగ్గరికి పరుగెత్తితే అది నింపాదిగా కాగితం విప్పింది. "ఇదిగో, చివరి వరుస. 'వంక దాటించడానికి తోడేలు మాకు సమ్మతం.' కింద ఉన్నది నీ డెక్కేనా కాదా?"

"నువ్వు చదివి వినిపించలేదే!"

"చదవమని నువ్వు అడగలేదే అక్కా. అడిగింది పంతులు. ఆయనకు పిల్లలు లేరు."

అని, అదే కాగితం వెనక రాసుకుంది: 'ఎర్రమిట్టలో బడి ఈడు పిల్లలు లేరు. బడి అవసరం లేదు.'

బడిలో ఏం పెడతారని అడిగే ముందు, దారిలో ఎవరుంటారని అడగాలి.

ఆ ఏడు ఎర్రమిట్ట నుంచి వంక దిగిన పిల్లలు పదకొండు. ఒక్కటీ తిరిగి రాలేదు.