బోర్డు మీద మిగలని చోటు

కాకినాడలో ఒక కోచింగ్ సెంటర్లో వ్యాసరచన నేర్పే సోమయాజులు మాస్టారికి అసలు మాటను ఆఖరికి అట్టేపెట్టే అలవాటు ఉండేది. గోదావరి మీద వ్యాసం చెప్పమంటే నాసిక్ దగ్గర ఎత్తుకునేవారు. ఆయన రాజమండ్రి చేరేలోపే గంట మోగేది. "అసలు విషయం ఆఖర్న చెబుతానర్రా" అనేవారు. ఆ ఆఖరు ఎన్నడూ వచ్చేది కాదు.

డబ్బు దగ్గరా అదే వరస. చేతినిండా క్లాసులున్న రోజుల్లో శిష్యులకు కాఫీలు, బంధువులకు పట్టుబట్టలు, గుమ్మం తొక్కిన ప్రతివాడికీ భోజనం. భార్య కామేశ్వరి గొణిగితే, "ముసలితనం వచ్చేది ఆఖర్న కదే, అప్పుడు చూసుకుందాం" అనేవారు.

ముసలితనం మాత్రం చెప్పిన వేళకే వచ్చింది. మాస్టారి గొంతు పోయింది. డాక్టరు చూసి, "ఇక ఈ పని మానేయండి. లేకపోతే ఈ కాస్త గొంతూ మిగలదు" అన్నాడు. మానేయాలని మాస్టారికి మాత్రం లేదూ? కాళ్లు లాగేస్తున్నాయి, బస్సెక్కాలంటేనే నీరసం. కానీ ఆ సెంటర్లో పింఛను లేదు, క్లాసు చెప్పిన రోజుకే డబ్బు. మర్నాడు మెడకు మఫ్లర్ చుట్టుకుని, సుద్దముక్క పుచ్చుకుని మళ్లీ వెళ్లారు.

ఆ రోజు అంశం విశ్రాంత జీవితానికి పొదుపు. వ్యాసం సారమంతా ఒక్క చిన్న వాక్యంలో, మొదటే రాయడం నేర్పాలి. మాస్టారు నోరు మెదపకుండా బోర్డు మీద మొదలుపెట్టారు. "మానవ జీవితం అనాదిగా ఒక మహాప్రయాణం..." బాల్యం వచ్చింది, యౌవనం వచ్చింది, వెనకాలే చీమా తేనెటీగా వచ్చాయి. చెయ్యి పీకుతున్నా వాక్యం సాగుతూనే ఉంది. పొదుపు దాకా వచ్చేసరికి బోర్డు అయిపోయింది.

ముందు బెంచీలోంచి సత్యవేణి లేచింది. ఇద్దరు పిల్లల తల్లి, ఉద్యోగం కోసం పరీక్షకు చదువుతోంది.

"మాస్టారూ, ఇందులో పొదుపు ఎక్కడుందండీ?"

"ఆఖర్న రాద్దామనుకున్నానమ్మా. చోటు మిగల్లేదు" అన్నారాయన బొంగురుగా.

క్లాసంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఇన్నేళ్లూ కామేశ్వరికి చెప్పిన మాట తన నోటి నుంచే మళ్లీ విన్నారు. బోర్డంతా తుడిచేసి, పైన మొదటి వరసలో ఒక్క వాక్యం రాశారు: "రాబడిలో ముందుగా ముసలితనం వంతు తీసి, మిగిలినదానితో ఇల్లు గడుపుకోవాలి."

"ఇదైతే గుర్తుంటుందండీ" అంటూ సత్యవేణి రాసుకుంది. "మీరూ ఇలాగే చేశారా మాస్టారూ?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. సిగ్గేసింది. సిగ్గు కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

"బోర్డయితే తుడిచి మళ్లీ రాసుకోవచ్చమ్మా" అన్నారు మెల్లగా.

గంట కొట్టారు. పై అంతస్తులో ఇంకో క్లాసు ఉంది. మాస్టారు ఒకసారి దగ్గి, మఫ్లర్ బిగించుకుని, కమ్మీ పట్టుకుని మెట్లెక్కసాగారు.

అందుకే, రాతలో అసలు మాటనూ, రాబడిలో ముసలితనం వంతునూ ముందే పెట్టుకోవాలి. ఆఖరికి వదిలేస్తే దేనికీ చోటు మిగలదు.