డాలు వెనకవైపు

అనగనగా, రాజులింకా ఏనుగులెక్కి ఊరేగుతుండగానే అచ్చుయంత్రం కూడా వచ్చేసిన కాలంలో, కుంభగిరి అనే రాజ్యం ఉండేది. దాని రాజు మకరంద భూపతి.

ఆయనకు పాత యుద్ధ వస్తువులంటే పిచ్చి. ఎక్కడో తుప్పు కత్తి ఉందని తెలిస్తే చాలు, విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. కత్తులు, డాళ్ళు, భేరీలు సేకరించి పెద్ద శాల నింపేశాడు. తాతగారి కాలంలో గోడలకు అంటించిన అచ్చు ప్రకటన ఒకటి అద్దం బిగించి నడుమ వేలాడదీశాడు. "శత్రువు వచ్చాడు. ఇంటికొకరు రండి" అని దాని మీద ఉండేది. అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో అని రోజూ మురిసిపోయేవాడు.

పైడమ్మ అనే ముసలమ్మ తన తండ్రి ఇత్తడి డాలును ఆ శాలకు ఇచ్చింది. "ఏటా ఆయుధపూజ నాడు వచ్చి నా చేత్తో దీనికి బొట్టు పెట్టుకుంటాను బాబూ" అని ఒక్కటే కోరింది. రాజు సరేనన్నాడు.

దసరా వచ్చింది. శాల మెరిసిపోవాలని రాజు ఆజ్ఞ. భటులు డాళ్ళన్నిటినీ చింతపండుతో తోమారు. సొట్టలన్నీ సుత్తితో సరిచేశారు. అన్నీ కొత్త పళ్ళాల్లా తళతళలాడాయి.

పైడమ్మ కుంకుమ భరిణెతో వచ్చి అలాగే నిలబడిపోయింది. నడుమ ఉన్న పెద్ద సొట్టే నాన్న డాలుకు గుర్తు. ఆ సొట్ట ఇప్పుడు లేదు. పాపం, ఆమెకు ఏడుపు ఆగలేదు.

రాజు నొచ్చుకుని వెండి అంచు డాలు చూపించాడు. "దీనికి పెట్టు అవ్వా." ఆమె తల అడ్డంగా ఊపింది. నెమలి బొమ్మ చెక్కిన డాలు చూపించాడు. వద్దంది. చివరికి తన సొంత బంగారు డాలే తెప్పించాడు.

"ఇది ఒక్క దెబ్బా తినలేదు బాబూ!" అంది పైడమ్మ. "మా నాయన గోడ మీద ఆ కాగితం చదివొచ్చి, నాకు ఒక్క ముద్ద తినిపించి వెళ్ళిపోయాడు. మీ తాతగారి మీదికొచ్చిన బల్లేనికి ఆ డాలే అడ్డం పెట్టాడు. నాయన రాలేదు, డాలొచ్చింది."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు డాలు ఎంత పాతదని అడిగారు. ఎవరిదని అడగలేదు."

రాజు తల వంచుకున్నాడు. "ఇంకే గుర్తూ లేదా అవ్వా?"

ఆమె కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "నాయన చెయ్యి ఒరుసుకోకుండా మా అమ్మ తన చీర చెంగు చింపి, పిడి కింద మెత్త కుట్టింది."

రాజే నేల మీద కూర్చుని ఒక్కో డాలూ తిప్పి చూశాడు. వెనకవైపు ఎవరు చూస్తారులే అని భటులు అటు తోమనేలేదు. ఒక డాలు వెనక, వెలిసిపోయిన నీలం గుడ్డ మెత్త కనిపించింది.

పైడమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని, బొట్టు పెట్టింది. రాజు ఆమె భరిణెలోంచే కుంకుమ తీసుకుని తానూ పెట్టాడు.

"మీ నాయన నిలబడ్డాడు కనుక మా తాత బతికాడు, నేను పుట్టాను. ఇన్నాళ్ళూ తెలుసుకోలేదు, మన్నించు తల్లీ" అని చేతులు జోడించాడు.

ఆనాటి నుంచి కుంభగిరిలో డాళ్ళను వెనకవైపు కనిపించేలా వేలాడదీశారు. రాజు ఊరూరా అడిగించి, ఆ పిలుపు విని వచ్చినవాళ్ళ పేర్లన్నీ అచ్చు వేయించి ప్రకటన కింద పెట్టించాడు. మొదటి పేరు పైడమ్మ తండ్రిది.

కనుక పిల్లలూ, పాత వస్తువును దాచుకుంటే చాలదు, దాన్ని పట్టి మనల్ని కాచిన చేతిని తలుచుకోవాలి.