ఒంటిచెవి గిటారు

ఇటు తిరుగు అమ్మలూ. కాలు నా మీద వేసుకో, కానీ తన్నకు. ఇవాళ రాజుగారి కథ అడక్కు. రాజంటే గుర్రాలుండాలి, గుర్రాలకి గడ్డి వెయ్యాలి, అందరూ యుద్ధానికి వెళ్ళాలి, మళ్ళీ రావాలి. నాకంత ఓపిక లేదు. అలిసిపోయిన మనిషి కథ ఒకటుంది. అదైతే పడుకుని చెప్పొచ్చు. నువ్వు ఊఁ కొడుతూ ఉండు. ఊఁ ఆగిందంటే నిద్రపోయావనుకుని నేనూ పడుకుంటాను.

అనగనగనగా, మూడు వైపులా రైలు పట్టాలున్న ఒక ఊళ్ళో, దీవెనమ్మ అని ఒక అమ్మాయి ఉండేది. పెళ్ళిళ్ళకీ జాతరలకీ పాటలు పాడే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేది. ఆ గిటారు వాళ్ళ నాన్నది. ఆవిడ కూర్చునే కుర్చీ కూడా వాళ్ళ నాన్నదే. ఆయన పోయాక ఆర్కెస్ట్రా పెద్ద గవర్రాజు గారు ఇంకెవర్నీ వెతకలేదు. కుర్చీ దుమ్ము దులిపి దీవెనమ్మని కూర్చోబెట్టారు.

అది చాలా పాత గిటారు. ఒక రైల్వే గార్డు ఊరొదిలి వెళ్తూ వాళ్ళ నాన్నకి ఇచ్చి వెళ్ళాడు. ఒళ్ళంతా ఎరుపు. మోచెయ్యి ఆనే చోట మాత్రం రంగు పోయి చెక్క కనపడేది.

కరెంటు గిటారుకి తీగల కింద చెవి ఉంటుంది అమ్మలూ. నల్లటి పట్టీలాగ ఉంటుంది. తీగ వణికితే ఆ చెవి వింటుంది. విన్నది వైరు వెంట స్పీకరు పెట్టెకి చెప్తుంది. కొత్త గిటార్లకి రెండేసి చెవులు, మూడేసి చెవులు. ఏ పాటకి ఏ చెవి కావాలంటే ఆ చెవి. దీవెనమ్మ గిటారుకి ఒకటే చెవి. అది కూడా తీగలు కట్టే కొసన, మూలకి తోసేసినట్టు ఉండేది.

ఊఁ అను.

ఆ గిటారుకి రేడియోకి ఉన్నట్టు తిప్పే మరలు రెండు ఉండేవి. ఒకటి మోత పెంచడానికి, తగ్గించడానికి. ఇంకోటి గొంతులో పదును తగ్గించడానికి. కానీ వాటిని ఎవరైనా తిప్పగా ఎవరూ చూడలేదు. ఎందుకంటే మైకు సెట్టు నూకరాజు వాటిని చివరికంటా తిప్పేసి, పైన నల్ల టేపు చుట్టేశాడు.

నూకరాజు చెడ్డవాడు కాదు. ఆయన బాధ ఆయనది. ఆర్కెస్ట్రాలో ఒకడు తన మోత పెంచితే పక్కవాడు తనదీ పెంచుతాడు. అప్పుడు మూడోవాడికి రోషం వస్తుంది. ఆ తర్వాత మైకు కుయ్యిమంటుంది, పెళ్ళివారు చెవులు మూసుకుంటారు, తిట్లన్నీ నూకరాజుకి. అందుకని అందరి వాయిద్యాలకీ మరలు బిగించేసి, హెచ్చుతగ్గులు తన బల్ల దగ్గరే పెట్టుకున్నాడు. మీరు పాట చూసుకోండి, మోత నేను చూసుకుంటా అనేవాడు.

అలా ఆ గిటారుకి ఒకటే మాట వచ్చు. అరవడం. నవ్వు పాటకీ అరుపే, ఏడుపు పాటకీ అరుపే. వాళ్ళ నాన్న రోజుల్లో ఫరవాలేకపోయింది. ఏడుపు పాటలకి వయొలిన్ తాత ఒకాయన ఉండేవాడు. చేతులు వణికి ఆయన మానేశాక ఏడుపు కూడా గిటారు నెత్తిన పడింది.

అప్పుడే దీవెనమ్మకి పాప పుట్టింది. పాప తండ్రి సామేలు లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో తెలీదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. అందుకని పాపని కూడా ప్రోగ్రాములకి తీసుకెళ్ళేది. స్టేజీ వెనక వ్యాను తలుపుకీ పందిరి గుంజకీ చీర కట్టి ఉయ్యాల వేసేది. గిటారు అరిచినప్పుడల్లా పాప ఉలిక్కిపడి లేచేది. రాత్రి ఇంటికొచ్చాక కూడా ఆ ఉలికిపాటు తగ్గక, పడుకునేది కాదు, పడుకోనిచ్చేది కాదు. దీవెనమ్మ కళ్ళ కింద నల్లగా అయింది. నిలబడి పళ్ళు తోముకుంటూ కునుకు తీసేది. అన్నం కలిపి, తినడం మర్చిపోయేది.

మొదట జగ్గంపేటలో పెళ్ళి. అప్పగింతల పాట వచ్చింది. ఆ పాటలో గిటారు ఏడవాలి, పెళ్ళికూతురు వాళ్ళమ్మ ఏడవాలి, అదీ వరస. దీవెనమ్మ తీగ మీటింది. గిటారు పుంజు కూసినట్టు కూసింది. పాప లేచి కెవ్వుమంది. పెళ్ళికూతురు పమిట అడ్డం పెట్టుకుంది గానీ, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే అది ఏడుపు కాదని అందరికీ తెలిసిపోయింది.

వ్యాను ఎక్కేటప్పుడు గవర్రాజు గారు మెల్లగా అన్నారు.

"అప్పగింతల పాటలో పెళ్ళికూతురు నవ్విందమ్మాయ్."

ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పారు. కాకినాడలో కీబోర్డు ఆయన ఒకాయన ఉన్నాడట. ఆ పెట్టెలో వంద వాయిద్యాలున్నాయట. ఏడవమంటే ఏడుస్తుంది, నవ్వమంటే నవ్వుతుంది. ఇంకో రెండు ప్రోగ్రాములు చూస్తాను, మీ నాన్న మీద నాకున్న అభిమానం నాది, పెళ్ళివారికి అది తెలీదు కదా అన్నారు.

ఆ కుర్చీ పోతే ఇంట్లో బియ్యం డబ్బా సగానికి వస్తుంది. అది ఒకటి. అంతకన్నా, నాన్న గొంతంటూ మిగిలింది ఆ గిటారులోనే. అది గోడకి ఎక్కితే ఇంక ఎక్కడా వినపడదు. దీవెనమ్మకి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక కిటికీకి తల ఆనించింది.

రెండోది తునిలో జాతర. అరుపు తగ్గించాలని దీవెనమ్మ ఒక ఉపాయం పన్నింది. రుమాలు మడిచి తీగల కింద దోపింది. అరుపు తగ్గిన మాట నిజమే. కానీ అమ్మవారి మీద పాట వాయిస్తుంటే, జలుబు చేసినవాడు పరామర్శకి వచ్చినట్టు ఉంది. కింద నుంచి ఎవడో, గిటారుకి ఆవిరి పట్టండర్రా అన్నాడు. జాతరంతా నవ్వింది. గవర్రాజు గారు కండువాతో మొహం తుడుచుకున్నారు, చెమటేం లేదు.

వింటున్నావా? ఊఁ. సరే.

ఇంక మిగిలింది ఒక్క ప్రోగ్రాం. పెద్దాపురంలో మధ్యాహ్నం పెళ్ళి. అందులోనూ అప్పగింతలే.

దానికి ముందురోజు మధ్యాహ్నం, అన్నాలు తినే వేళకి, పాప దీవెనమ్మ ఒళ్ళోనే నిద్రపోయింది. ఎన్నాళ్ళకో పడుకుంది. ఇప్పుడు సాధన చేస్తే పాప లేస్తుంది. చెయ్యకపోతే కుర్చీ పోతుంది. గిటారు పక్కనే మంచం మీద ఉంది, నాన్న వాడిన చిన్న స్పీకరు పెట్టెకి తగిలించి. దీవెనమ్మ పాపని ఎడం మోచేతి మీదికి జరుపుకుంది. చప్పుడు కాకుండా గిటారు లాక్కుంది.

మోత తగ్గించాలి. టేపు కొయ్యడానికి బ్లేడు కావాలి, అది అలమార్లో ఉంది, లేచే ఓపిక లేదు. గోటితోనే గీరింది. నాన్న నాటి బంక. సాగి సాగి ఊడింది. టేపు కింద మర కొత్తదిలా మెరుస్తోంది, గాజు తీసిన చోట చెయ్యిలాగ. చుట్టూ అంకెలున్నాయి, ఒకటి నుంచి పది దాకా. పది మీద ఉన్నదాన్ని మూడుకి తిప్పింది.

అప్పుడు తీగ మీటే ప్లాస్టిక్ బిళ్ళ చేతిలోంచి జారి మంచం కిందికి పోయింది. వంగితే పాప లేస్తుంది. పోనీలే అని, బొటనవేలి కండతోనే మీటుదామనుకుంది.

ఆ తర్వాత చెయ్యి అందలేదు. ఒళ్ళో పాప అడ్డం. రోజూ మీటే చోటు, ఆ చెవి పక్కన, దూరమైపోయింది. చెయ్యి ఎక్కడ అందితే అక్కడ, గిటారు మెడ దగ్గర, మీటింది.

ఏమైందో తెలుసా?

అరుపు చిన్నది కాలేదు అమ్మలూ. అరుపే లేదు. దాని బదులు ఇంకేదో వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడినట్టు, దగ్గరగా కూర్చుని ఊపిరి వదిలినట్టు. దీవెనమ్మ వెనక్కి తిరిగి చూసింది, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని. పాప ఒక కన్ను తెరిచింది, మళ్ళీ మూసేసింది.

అప్పుడు దీవెనమ్మ మెల్లగా ఒక్కొక్కటీ చూసుకుంది. తీగలు కట్టిన కొసన మీటితే రేకు మీద గులకరాయి పడ్డట్టు ఉంది. నడిమికి వస్తే మనిషి మాట్లాడినట్టు ఉంది. మెడ దగ్గరికి వస్తే ముగ్గిన పండులా ఉంది. చెవి ఒకటే. అది ఉన్న చోటనే ఉంది. చెయ్యి జరిగితే చాలు, అది వేరేగా వింటోంది. రెండో మర మీది టేపు కూడా గీరి, తిప్పి చూస్తే పదును పోయి మబ్బు పట్టింది. చిటికెనవేలు మొదటి మర మీద పెట్టి, సున్నాకి తిప్పి తీగ మీటి, అప్పుడు మర మెల్లగా తెరిస్తే, మీటిన చప్పుడే లేదు. ఎక్కడ మొదలైందో తెలీకుండా స్వరం వచ్చి, పెద్దదై, మళ్ళీ తగ్గిపోతోంది. చెప్పాలా వద్దా అనుకుంటూ ఎవరో మొదలుపెట్టినట్టుంది.

అప్పగింతల పాట సగం దాకా వాయించింది. మిగతా సగం వాయించలేదు. గిటారు మీద తల వాల్చి నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి వీధిలో దీపాలు పెట్టేశారు. పాప ఇంకా లేవలేదు.

నీ కాలు బరువెక్కింది అమ్మలూ. ఊఁ అంటున్నావా, గురకా? సరే, కొంచెమే ఉంది.

పెద్దాపురం పెళ్ళికి కీబోర్డు ఆయన కూడా వచ్చాడు. ముందు వరసలో, ముసుగు వేసిన పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. పిలవగానే ఎక్కడానికి. దీవెనమ్మ ఆ పెట్టె చూసింది. ఉయ్యాలలో పాపని పడుకోబెట్టి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

నూకరాజు వైర్లు తగిలిస్తూ గిటారు చూశాడు. టేపు లేదు. చేతిలో టేపు చుట్టతో దగ్గరికి వచ్చాడు. ఆయనకీ నిద్ర లేదు, పొద్దున్నించీ పెట్టెలు మోస్తున్నాడు.

"మోత తగ్గితే ఎనక బెంచీలకి ఇనపడదమ్మా. మాట నాకొస్తది."

"నీ బల్ల దగ్గర పెంచు బాబాయ్. ఇక్కడ నన్ను తగ్గించుకోనీ. ఇనపడకపోతే చుట్టేద్దువుగాని. గిటారుకి కాదు, నా చేతులకి."

నూకరాజు టేపు చుట్ట చేతికి తొడుక్కున్నాడు. వెళ్ళి తన బల్ల దగ్గర మర పెంచాడు.

ముందు హుషారు పాటలు వచ్చాయి. దీవెనమ్మ మర పదికి తిప్పి, బిళ్ళతో, చెవి పక్కనే మీటింది. గిటారు అరిచింది. అరుపుకీ ఒక వేళ ఉంటుంది కదా. పిల్లలు గెంతారు. స్టేజీ వెనక పాప కెవ్వుమంది. పెళ్ళివారి పెద్దావిడ ఒకావిడ వెళ్ళి ఉయ్యాల ఊపి వచ్చింది.

ఆ తర్వాత అప్పగింతల పాట వచ్చింది. దీవెనమ్మ బిళ్ళ కొంగున ముడేసుకుంది. మర మూడుకి తిప్పింది. చెయ్యి అందినంత మెడ వైపు జరిపింది. చిటికెనవేలు మర మీదే ఉంచి, బొటనవేలితో మీటింది.

వంటవాళ్ళు గరిటెలు కడగడం ఆపారు. మగపెళ్ళివారితో ఏదో లెక్క మాట్లాడుతున్న పెళ్ళికూతురి తండ్రి, మధ్యలో ఆగి, ఇంక ఆ లెక్క మొదలుపెట్టలేదు. పెళ్ళికూతురు నవ్వలేదు, ఏడవలేదు కూడా. పాపం తెల్లవారుజామున లేపి, పీటల మీద కూర్చోబెట్టి, పొగలో ఉంచి, వచ్చినవాళ్ళందరికీ దణ్ణాలు పెట్టించి అలిసిపోయేలా చేసేశారు. వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది. వాళ్ళమ్మ ఆ తల కదలకుండా, పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. కారు తలుపు తీసి పట్టుకున్నవాడు రమ్మని పిలవలేదు.

పాట అయింది. వెనక బెంచీల దాకా నిశ్శబ్దం. గవర్రాజు గారికి భయమేసింది. ఇంత సేపైనా పాప ఏడుపు వినపడలేదేమిటా అని స్టేజీ వెనక్కి వెళ్ళారు. ఉయ్యాలలో పాప, గుప్పిళ్ళు విప్పేసి, ఒళ్ళు తెలీకుండా పడుకుని ఉంది. పెద్దాయన ఉయ్యాల ఒకసారి మెల్లగా ఊపారు. ఆ తర్వాత ముందు వరసకి వచ్చి, కీబోర్డు ఆయన పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"మీరు భోంచేసి వెళ్ళండి" అన్నారు.

అంతే. కుర్చీ దీవెనమ్మకి ఉండిపోయింది. నూకరాజు మళ్ళీ ఆ గిటారుకి టేపు చుట్టలేదు. చేతిలో మిగిలిన టేపు ఏం చెయ్యాలో తెలీక, ఉయ్యాల చీర గుంజకి ఒరుసుకుని చిరుగుతున్న చోట గట్టిగా చుట్టి వచ్చాడు.

ఊఁ?

ఊఁ లేదు. పడుకున్నావా నా తల్లి. గొంతు పది దగ్గర మొదలుపెట్టాను, చూశావా, ఇప్పుడు ఒకటి దగ్గరున్నాను. ఇంక నేనూ సున్నాకి తిప్పేసుకుంటాను.

పాట పోయె పందిట్లోకి,
పాప పోయె ఉయ్యాల్లోకి,
ఒంటిచెవి గిటారు ఒళ్ళోకి,
అమ్మమ్మ నడుము దుప్పట్లోకి,
కథేమో కంచి ఊళ్ళోకి,
మనమేమో నిద్దట్లోకి.