బొర్రయ్య మార్చని బ్లేడు

అనగనగా ఒక అడవిలో, శ్రావణ శుద్ధ దశమి, బుధవారం, పొద్దున్న సరిగ్గా పదిన్నరకు, ఒక నెమలికి సగం తోక తెగిపోయింది. ఎలా తెగిందో చెబుతాను, బుద్ధిగా వినండి. నవ్వొస్తే నవ్వండి గానీ, ఎప్పుడైనా ఆ నెమలి కనిపిస్తే మాత్రం నవ్వకండి, పాపం.

ఆ అడవిలో బొర్రయ్య అనే ఎలుగుబంటికి పార్సిళ్ళ కొట్టు ఉండేది. ఊరి నుంచి ఏనుగు బండి మీద అట్టపెట్టెలు వచ్చేవి. బొర్రయ్య వాటిని కట్టరుతో కోసి, ఎవరి సామాను వాళ్ళకిచ్చేవాడు. కట్టరంటే తెలుసుగా? బొటనవేలితో తోస్తే బ్లేడు నాలుకలా బయటికొస్తుంది. వెనక్కి లాగితే లోపలికి పోతుంది.

బొర్రయ్యకు భక్తి ఎక్కువ. మంచిదే. కిందటి దసరాకి ఆయుధపూజ చేసి, ఆ బ్లేడుకి పసుపు రాసి బొట్టు పెట్టాడు. అప్పటి నుంచి పది నెలలు దాన్ని మార్చనే లేదు. అది అరిగి అరిగి మొద్దుబారింది.

"ఏవండీ, అది వంకాయ కూడా కొయ్యదు. కొత్త బ్లేడు వెయ్యండి" అంది భార్య ఈతమ్మ.

"అపచారం!" అని బొర్రయ్య లెంపలు వేసుకున్నాడు. "పూజ చేసిన బ్లేడే! తీసేస్తే అమ్మవారికి కోపం రాదూ?"

ఆ బుధవారం ముందుగా ఉడుత వచ్చింది. బొర్రయ్య ఉడుత పెట్టె మీద బ్లేడు పెట్టి నొక్కాడు. తెగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. బ్లేడు సర్రున జారి పక్కనున్న స్తంభంలో దిగబడింది.

"మావయ్యా, నా పెట్టె ఇటుంది" అంది ఉడుత.

తర్వాత కోతి వచ్చింది. ఈసారి బొర్రయ్య పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, కట్టరును తనవైపుకే లాగాడు. బ్లేడు మళ్ళీ జారింది. బొడ్డు నుంచి మెడ దాకా బొచ్చు చారలా లేచిపోయింది. అదృష్టం కొద్దీ చర్మం తెగలేదు.

కోతి వంగి వంగి చూసింది. "బాబాయ్, రోడ్డు బాగా వేశావు. బస్సెన్నింటికి?"

"నోరు ముయ్యి!" అన్నాడు బొర్రయ్య, పొట్ట మీద తువ్వాలు కప్పుకుంటూ.

"రెండుసార్లు జారింది. ఇంక చాలించండి" అంది ఈతమ్మ.

"నువ్వు లోపలికి పో" అన్నాడు బొర్రయ్య.

అప్పుడే కలాపయ్య అనే కుర్ర నెమలి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మావయ్యా, నా గజ్జెలొచ్చాయా? నాలుగింటికి నా అరంగేట్రం! కొంగ గురువుగారు వస్తున్నారు. ఏడాదిగా పెంచుకున్నా ఈ తోక, ఇవాళ్టి కోసమే! త్వరగా తియ్యి, పెట్టె కదలకుండా నేను పట్టుకుంటా."

అంటూ పెట్టెకి అవతలవైపు నిలబడ్డాడు. వీపు తిప్పి, కాలితో పెట్టెను తొక్కిపట్టి, తోకను పెట్టె పక్కన పరిచాడు.

తప్పుకో అని బొర్రయ్య అనాలి కదా? అనలేదు. రెండు చేతులతో బలమంతా పెట్టి నొక్కాడు.

సర్ర్!

నేల మీద కళ్ళు కళ్ళుగా ఈకలు.

"మావయ్యా, నా తోకేది?"

"సగం... ఇక్కడుంది నాయనా."

కలాపయ్య నాట్యం చేసి చూసుకున్నాడు. కుడివైపు తోక బరువు, ఎడమవైపు ఖాళీ. ఒక్క చుట్టు తిరిగి కుడికి పడ్డాడు. లేచి తిరిగాడు. మళ్ళీ కుడికే పడ్డాడు. మూడోసారి పడి ఇక లేవలేదు. ఏడుస్తూ కూర్చున్నాడు.

లోపల జపం చేసుకుంటున్న బొర్రయ్య తల్లి పుట్టమ్మ ఆ ఏడుపు విని బయటికొచ్చింది. చూసింది. అడిగింది. అంతా తెలుసుకుంది.

"ఒరే, పొద్దున్నే దేవుడి దగ్గర నిన్నటి పూలు ఏం చేస్తావు?"

"తీసేసి కొత్తవి పెడతానమ్మా."

"వాడిన పూలు తీస్తే అమ్మవారికి కోపం రాలేదే! అరిగిన బ్లేడు తీస్తే వస్తుందా? పూజ చేసింది ఇనప ముక్కకి కాదురా, నీ పనికి."

బొర్రయ్య తల వంచుకున్నాడు. "కలాపయ్యా, తప్పు నాది. నాలుగింటికి నీ వెనకాల నేనుంటాను."

నాలుగింటికి కొండరాతి మీద అరంగేట్రం మొదలైంది. తెగిన ఈకలు చేతుల్లో పట్టుకుని బొర్రయ్య ఎడమవైపు తోకయ్యాడు! కలాపయ్య కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి. రాయి దడదడలాడింది. ఈకలు ముక్కులోకి పోయి బొర్రయ్య తుమ్మాడు. కలాపయ్య ఎగిరి కుందేళ్ళ మధ్యలో పడ్డాడు. అడవంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

కొంగ గురువుగారు కూడా నవ్వారు. కళ్ళు తుడుచుకుని కలాపయ్యను దగ్గరికి పిలిచారు.

"పాదం బాగుంది నాయనా. కానీ దీన్ని అరంగేట్రం అనలేను. తోక మొలిచాక, వచ్చే శ్రావణంలో రా."

కలాపయ్య తలూపి, రాతి మీద రాలిన ఈకలు ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. అది చూసి బొర్రయ్యకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంట్లో అందరూ స్నానాలు చేశారు. పుట్టమ్మ పాత బ్లేడుకు దణ్ణం పెట్టి, కాగితంలో చుట్టి, మూతున్న డబ్బాలో వేసింది, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా. ఈతమ్మ బల్ల చుట్టూ ముగ్గు గీత గీసి, కోసేటప్పుడు ఈ గీత లోపల ఎవరూ నిలబడకూడదంది. బొర్రయ్య కొత్త బ్లేడు వేశాడు. పెట్టెను బల్ల మీద పెట్టాడు. చుట్టూ చూసుకున్నాడు. బ్లేడు తన నుంచి అవతలికి పోయేలా, నెమ్మదిగా గీశాడు.

అట్ట మెత్తగా విచ్చుకుంది. బ్లేడు లోపలికి లాగేసి, దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు, "ఇంత తేలికా?"

నీతి: పనిముట్టును గౌరవించడమంటే, అది మొద్దుబారితే మార్చడం, అది వెళ్ళే దారిలో ఎవరూ లేకుండా చూసుకోవడం.