నూకరత్నం తట్ట

డాక్టర్ సత్యవాణి గారికి ఒక పాత అలవాటుంది. పుట్టుకతో మెడమీదో చంకలోనో నీటిగడ్డలున్న పిల్లలకు మందు సూది వెయ్యడంలో ఆవిడది తిరుగులేని చెయ్యి. స్కానింగ్ తెర చూస్తూ సన్నని సూదిని గడ్డలోకి దించుతారు. లోపలి నీరు లాగేసి, ఆ ఖాళీలోకి మందు ఎక్కిస్తారు. కొన్ని వారాలకు గోడలు అంటుకుపోయి గడ్డ కుదించుకుపోతుంది. ఒక్కసారితో తేలే పని కాదు, రెండు మూడు విడతలు పడుతుంది. ఇక ఆ అలవాటేమిటంటే, ఫైలు మొదటి పేజీలో ఆవిడ స్కానింగు బొమ్మ అంటించరు, గడ్డ కొలత రాయరు. దేనికోసం వచ్చారని బిడ్డనూ తల్లినీ అడిగి, వాళ్ల మాటల్లోనే ఒక్క ముక్క రాసుకుంటారు.

శిష్యుడు కౌండిన్య ఆ పేజీ ఎన్నడూ చదవలేదు. బొమ్మ లేని పేజీ అతనికెందుకు? ఏ గడ్డలో ఎన్ని అరలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు గానీ, ఆ గడ్డ మోసే పిల్లల ముఖాలు మాత్రం ఎరగడు. అతను గదిలోకి వచ్చేసరికి వాళ్లు మత్తులో ఉంటారు, పైన పచ్చగుడ్డ కప్పి ఉంటుంది. ఆపైన అతని కళ్లు తెర వదిలితేగా.

ఒక ఉదయం అతను అడిగాడు. "మేడమ్, ఈ వైద్యం ఎక్కడ చాలించాలి?"

అడిగాడన్న మాటేగానీ జవాబు అతని దగ్గరే ఉంది. తెర శుభ్రపడేదాకా చెయ్యాలి, అంతే. అప్పుడతని చేతిలో ఉన్నది నూకరత్నం ఫైలు. భీమిలి దగ్గర చేపలమ్ముకునేవాళ్ల పిల్ల, ఆరేళ్లది. ఎడమ దవడ కింద బత్తాయంత గడ్డ మూడు విడతల మందుకు కరిగింది. నిన్నటి స్కానింగులో మాత్రం మిరియపు గింజలంత అరలు ఇంకా మూడు కనిపించాయి. నాలుగోసారి మత్తిచ్చి సూది వెయ్యాలా వద్దా అన్నది ఈ పూట తేలాలి. ఆ అరల పక్కనుంచే పెదవిని కదిలించే నరం పోతుంది. దానికి దెబ్బ తగిలితే పిల్ల నవ్వు వంకరపోవచ్చు. ఆ సంగతి కౌండిన్యకు తెలియక కాదు. తెలిసినా ఆ మూడు మచ్చలూ అతనికి కంట్లో నలుసుల్లా ఉన్నాయి.

కాఫీ తాగి రమ్మని, వచ్చాక మాట్లాడుకుందామని అన్నారావిడ.

వరండాలో ఒక పిల్ల ఎదురొచ్చింది. నెత్తిమీద స్టీలు డబ్బా, రెండు చేతులూ గాల్లో. "సేపలమ్మా, సేపలు" అని కేక. కౌండిన్యకు ముచ్చటేసింది. వంజరం ఉందా అంటే ఉందంది. ధర ఎక్కువన్నాడు. పిల్ల నడుంమీద చెయ్యేసి, కుడికోసారి ఎడమకోసారి తల తిప్పి, కొనే మొహాలు ఇంకేవైనా ఉన్నాయా అని చూసింది. డబ్బా ఇసుమంత కూడా కదల్లేదు.

"పొద్దున పట్టినివి బాబూ. నీకు ఇష్టం నేకపోతే పక్కకి తప్పుకో" అంది.

మూత తియ్యమంటే మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. చాలా రోజుల తర్వాత కౌండిన్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. కాఫీ సంగతే మరిచిపోయి వెనక్కి వచ్చి, నూకరత్నాన్ని సూదికి సిద్ధం చేయిద్దామా అని అడిగాడు.

ముందు పిలవమన్నారావిడ, గదిలో దీపాలన్నీ వేస్తూ.

వచ్చింది చేపలమ్మి. వెనకాల తల్లి దేముడమ్మ. కౌండిన్య కొయ్యబారిపోయాడు. వంగి ఎడమ దవడ కింద వెతికాడు. వెతగ్గా వెతగ్గా ఓ పక్క కాస్త బొద్దుగా ఉందేమో అనిపించింది.

దేముడమ్మ పిల్ల భుజం పట్టుకుంది. "పసిది పొద్దున్నుంచీ పస్తే అమ్మా. మళ్లీ బల్లెక్కిస్తారా?"

సత్యవాణి గారు మొదటి పేజీ తెరిచి శిష్యుడి ముందు పెట్టారు. "నా నెత్తిమీద తట్ట నిలబడ్నేదు" అని ఉంది. తారీఖు, కింద పిల్ల పేరు. గడ్డ బరువుకు తల ఒక పక్కకి ఒరిగిపోయి ఉండేదన్నమాట. కౌండిన్య రెండుసార్లు చదివాడు. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి, కళ్లు తుడుచుకున్నాడు.

ఈ పూట సూది లేదని దేముడమ్మకు చెప్పారావిడ. జ్వరంతో మళ్లీ వాచినా, గడ్డ పెరుగుతున్నట్టు అనిపించినా వెంటనే తీసుకురావాలి, లేకపోతే ఆరునెలలకు చూపిస్తే చాలు. ఇక మూత తియ్యొచ్చా అని పిల్ల అడిగింది. తియ్యమన్నారు. డబ్బాలో ఉన్నవి ఇడ్లీలు. నూకరత్నం అక్కడే కింద చతికిలబడి, ఒకటి తన నోట్లో కుక్కుకుని, ఒకటి కౌండిన్య చేతిలో పెట్టింది. బేరం కుదిరిందట.

చేతిలో ఇడ్లీ ఉండగానే అతను తెరవైపు చూశాడు. అలవాటు ఊరికే పోతుందా? మరి ఆ మూడు మచ్చలూ, అని గొణిగాడు.

"ఇందాక తలుపు దగ్గర నిలబడి చూశానులే" అన్నారు సత్యవాణి గారు. "వంజరం బేరమాడినంతసేపూ నీకు ఎన్ని కనిపించాయయ్యా?"