కుమ్మర్ల హక్కుపత్రం

ఒకానొక రాజ్యంలో పత్రాల అధికారి విరూపాక్షయ్య ఒక యంత్రం చేయించాడు. కోటలోని ముఖ్యమైన తాటాకు పత్రాలు చూపించి, ఏది పనికొచ్చేదో దానికి నేర్పాడు. ఇక ఊళ్ల పత్రాలన్నీ అదే చదివి, పనికిరానివనుకున్నవి కుప్పలో వేసేది. ఆ కుప్పను తగలబెడతామని ఊరూరా దండోరా వేశారు.

కుమ్మరి ఎర్రక్కకు అనుమానం పట్టుకుంది. చెరువులో మట్టి తవ్వుకునేందుకు కుమ్మర్లకు పాత రాజులిచ్చిన హక్కుపత్రం కూడా యంత్రం చదివిన ఊళ్ల పత్రాల్లోనే ఉంది. అది బూడిదైతే వాళ్లు కుండలు చేసే సారె ఆగిపోయినట్టే. సభకు వెళ్లి, రాజుగారి ముందే అడిగింది.

"అయ్యా, కోట పత్రాలు చూసి నేర్చుకున్నదానికి మా కుమ్మరోళ్ల పత్రం విలువ తెలుస్తుందా?"

"యంత్రం పొరపాటు పడదు," అన్నాడు విరూపాక్షయ్య.

"అయితే మీ ఇంటి పత్రం కూడా దానికివ్వండి. కుప్పలో వేసిందంటే దాన్నీ తగలబెడదాం."

విరూపాక్షయ్య రాజుగారి వైపు చూశాడు. "ఇంటికి ఉన్నది ఆ పత్రం ఒక్కటే," అని నసిగాడు.

"మాకూ ఒక్కటే అయ్యా," అంది ఎర్రక్క.

రాజుగారు తగలబెట్టడం మాన్పించి, కుప్పనంతా విరూపాక్షయ్యనే కూర్చుని చదవమన్నారు. మూడోరోజున కుమ్మర్ల పత్రం బయటపడింది. అందాకా ఎర్రక్క ఆయనకెదురుగా కూర్చుని, ఆయన చేతుల మీంచి చూపు తిప్పలేదు.