లోతుగా పడిన గాటు

అలిముత రాసిన పలక మళ్లీ పగిలింది.

సాయంత్రం నీడలో ఆరబెట్టి వెళ్లాడు. పొద్దున వచ్చి చూసేసరికి అడ్డంగా బీట వారి ఉంది. అంతకుముందు రాసిన పలకా ఇలాగే, సరిగ్గా ఇదే చోట పగిలింది.

హిట్టైట్ రాజులు ఇప్పటి టర్కీలోని హత్తుసా నగరంలో ఉండి ఏలిన రోజులవి. అప్పట్లో రాయడమంటే పచ్చి మట్టి పలక మీద రెల్లు పుల్లతో నొక్కడమే. రాజుగారి పలకలన్నీ ఒక ఇంట్లో భద్రపరిచేవారు. పాతబడ్డ వాటికి కొత్త ప్రతులు తీయడం అక్కడి శిష్యుల పని. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దర్బారు భాషలో రాసుకుపోతుండగా దక్షిణాది లువీయుల మాట ఏదైనా తగిలితే, దాని ముందు ఏటవాలుగా ఒక గాటు పెట్టాలి. ఇది మన మాట కాదు సుమా అని చదివేవాడికి చెప్పడానికి.

అలిముతకు ఇచ్చింది జబ్బులకు శాంతి చేసే తంతు రాసి ఉన్న పలక. అందులో తపష్ష అనే లువీయ మాట ఒకటి ఉంది.

దాని అర్థమేమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చి చెప్పమని పలకల ఇంటి అధికారి కబురు పెట్టాడు. పెద్దలు కూర్చుని వాదించుకున్నారు. ఒకాయన అది దయ్యం పేరన్నాడు. ఇంకొకాయన వేరు పేరని చెప్పి, అది ఏ కొండ మీద దొరుకుతుందో కూడా వివరించాడు. మరొకాయన అది తూర్పు దేశాలదే అయి ఉండాలన్నాడు, లువీయులకు ఇంత మంచి మాట ఎక్కడిదని. వీధిలోకి వెళ్లి ఏ లువీయుణ్ని అడిగినా పోయేది. కానీ అడిగితే పరువు తక్కువ కదా.

అలిముత ఓ మూల మట్టి పిసుకుతూ అంతా విన్నాడు. అతనికి ఆ మాట తెలుసు. చిన్నప్పుడు ఒళ్లు కాలుతుంటే వాళ్లమ్మ ఆ మాటే అనేది. ఆమెను దక్షిణాది నుంచి యుద్ధంలో పట్టుకొచ్చారు. అతను మాత్రం రాత నేర్చుకోవడానికి చేరేటప్పుడు, మాది ఎగువ పేట, తరతరాలుగా ఇక్కడివాళ్లం అని చెప్పాడు. అబద్ధమాడి చేరాడని తెలిస్తే వెళ్లగొడతారు. రాత తప్ప అతనికి లోకంలో ఇంకేదీ ఇష్టం లేదు. అందుకని నోరు విప్పలేదు.

ఇప్పుడు పలకలు వరసగా పగులుతుంటే, ఆ మాట తన మీద పగబట్టిందేమో అనిపించింది. మర్నాడు అధికారి వస్తాడు. చూపించడానికి ముక్కలు తప్ప ఏమీ లేవు.

ఆ ముక్కలే పట్టుకుని గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు పియమువ ముసలాయన, మాట తక్కువ. ఆయన నవ్వినా దగ్గినా ఒకేలా ఉంటుందని శిష్యులు చాటుగా అనుకునేవారు.

"మట్టి మంచిది కాదనుకుంటానండీ," అన్నాడు అలిముత.

పియమువ ముక్కల్ని వెలుతురులో తిప్పి చూశాడు. రాత చక్కగా ఉంది. పగులు మాత్రం తపష్ష ముందున్న గాటు దగ్గరే మొదలైంది. గోరు పెట్టి చూస్తే గోరంతా దిగిపోయింది.

"ఇంత నొక్కావేంరా?"

"పరాయి మాట కదండీ. బాగా తెలియాలని."

ఆయన పక్కనున్న నీళ్ల కుండలో చెయ్యి ముంచి, అలిముత నుదుటి మీద ఆనించాడు. వంగి, మెల్లగా లువీయ భాషలో అడిగాడు.

"తపష్ష వచ్చిందా నాన్నా?"

"లేదమ్మా," అన్నాడు అలిముత, ఆ భాషలోనే.

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. తన పని అయిపోయిందనుకున్నాడు.

గురువు చెయ్యి తీయలేదు.

"మీ అమ్మది ఏ వైపు?" అన్నాడు.

"ఉప్పు సరస్సుకు అవతల."

"మాది ఇవతల. మా అమ్మ చెయ్యి ఇంత చల్లగా ఉండేది కాదులే. రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ లేచొచ్చి చూసేది."

అలిముతకు ఏడుపొచ్చింది. దాని వెనకే నవ్వూ వచ్చింది. ఇన్నాళ్ల గుండె బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

"మీరెప్పుడూ చెప్పలేదేమండీ?"

"నువ్వు మాత్రం చెప్పావా?"

ఆయన కొత్త మట్టి ముద్ద తీసి శిష్యుడి ముందు పెట్టాడు. అలిముత మళ్లీ మొదటి నుంచి రాశాడు. తపష్ష దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"గాటు పెట్టాలాండీ?"

"పెట్టాలి. పద్ధతి కదా."

"ఎంత లోతు?"

"చదివేవాడి కంటికి ఆనాలి. రాసేవాడికి నొప్పి పుట్టకూడదు."

ఈసారి పలక పగల్లేదు.

మర్నాడు అధికారి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇంతకీ ఈ మాట ఏమిటి? ఎక్కడిది?" అన్నాడు. పెద్దలు గొంతులు సవరించుకుంటున్నారు. దయ్యమూ వేరూ తూర్పు దేశమూ మళ్లీ బయలుదేరేలోపే అలిముత లేచి నిలబడ్డాడు.

"జ్వరం అండీ. మా ఇంట్లో మాట."

"మీది ఎగువ పేట కాదూ?"

"కాదండీ. మా అమ్మ లువీయురాలు. చేరేటప్పుడు అబద్ధం చెప్పాను."

అధికారి పలకను ఒకసారి, అతన్ని ఒకసారి చూశాడు.

"అబద్ధానికి శిక్ష ఉండాలి కదా," అన్నాడు. "ఇలా గాట్లున్న పలకలు లోపల ఒక అర నిండా పడి ఉన్నాయి. అర్థం కాక ఎవరూ ముట్టుకోవడం లేదు. అవన్నీ ఇకనుంచి నువ్వే రాయి."

అది శిక్షే అనుకున్నవాడు ఆ ఇంట్లో అధికారి ఒక్కడే. అలిముతకు పరుగెత్తుకెళ్లి ఆ అర ముందు కూర్చోవాలనిపించింది.

అధికారి వెళ్లిపోయాక పియమువ లేచొచ్చాడు. పెద్దలందరూ చూస్తుండగా, తడి చెయ్యి శిష్యుడి నుదుటి మీద పెట్టాడు. ఈసారి అందరికీ వినపడేలా, లువీయ భాషలోనే అడిగాడు.

"తపష్ష తగ్గిందా నాన్నా?"

"తగ్గిందండీ," అన్నాడు అలిముత, అంతే గట్టిగా.